ఉమ్మడి మీటరు – పొదుపు ఆట

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చెనని మన పెద్దలు చెప్పుదురు. పదిమంది సొత్తైన దానిని పట్టించుకొనువా రొక్కరును ఉండరని దాని తాత్పర్యము. ఈ కాలమున ఆ గొర్రె మన గోడమీది విద్యుత్తు మీటరే యని మాకు తోచుచున్నది.

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట మూడును ఒక్కటైపోయిన మా యూరిలో వాటాల యిండ్లు పెక్కు గలవు. ఒక్క డాబాలో మూడు నాలుగు కుటుంబములు కాపురముండును. కొన్నిచోట్ల మీటరొక్కటియే, బిల్లు రాగానే ఇంటికింత యని పంచుకొందురు. ఇవిగాక విద్యార్థుల వసతిగృహములు, ఉద్యోగము చేయు స్త్రీల హాస్టళ్లు గలవు. అపార్టుమెంట్లలో ఎవరి మీటరు వారిదైనను మెట్లమీది దీపములు, లిఫ్టు, నీటి మోటారు ఉమ్మడివే.

ఇట్టి యింట ఒకరు పంకా ఆపి రూపాయి మిగిల్చినచో ఆ రూపాయి నలుగురికి పంపకమగును. ఒకరు గీజరు మఱచి నాలుగు రూపాయలు పోగొట్టినచో ఆ నష్టమును నలుగురికి పంపకమగును. ఆపినవారికి దక్కునది పావలా; మఱచినవారికి తగులునది రూపాయి. ఇక నెవరు జాగ్రత్తపడుదురు? "మీ పిల్లవాడు రాత్రియంతయు కంప్యూటరు ముందే యుండును" అని యొకరు, "మా యింట బట్టలుతుకు యంత్రమే లేదు, మేమేల సమానముగా నీయవలెను?" అని మఱియొకరు. బిల్లు వచ్చిన దినము జగడపు దినమగును.

ఇందు పోవునది పావలా మాత్రమే కాదు. తెలంగాణ ప్రభుత్వము 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద, నెలకు 200 యూనిట్లలోపు వాడు అర్హులైన కుటుంబములకు బిల్లు లేకుండ చేసినది. ఆ గీత దాటిన నెల బిల్లు కట్టవలసినదే. ఇతరులకును వాడుక పెరిగినకొలది యూనిట్టు ధర మెట్లు మెట్లుగా పెరుగును. నలుగురి వాడుక ఒక్క మీటరుపై కలిసినప్పుడు ఈ గీతలన్నియు త్వరగా దాటిపోవును. అదిగాక మాకు దగ్గఱనే చెల్పూరున గల కాకతీయ విద్యుత్కేంద్రమువంటి వానిలో ఒక్క యూనిట్టు పుట్టించుటకు అరకిలోకు మించిన బొగ్గు కాలవలెను.

దీపమార్పుడు, పంకా ఆపుడు అని రోజంతయు పోరుట ఇల్లాలి వంతైనది. పోరిన నోరు నొచ్చునే గాని వాడుక తగ్గదు. దీనికి కారణము లేకపోలేదు. పూర్వము కట్టెలమోపు తఱుగుట కంటికి కనబడెడిది. సెమ్మెలో చమురు తఱుగుటయు కనబడెడిది. విద్యుత్తు కంటికి కానరాదు. దాని లెక్క నెల గడచినపిమ్మట చీటీయై వచ్చును. ఏ దినమున, ఎవరి చేత, ఎంత పోయెనో ఆ చీటీ చెప్పదు. కానరాని దానిని కనబడునట్లు చేయుటకు ఆటకంటె మంచి యుపాయము లేదని మా యభిప్రాయము.

మన పూర్వులు పిల్లలకు నీతి గఱపుటకు వైకుంఠపాళిని కల్పించిరి గదా! సుగుణమునకు నిచ్చెన, దుర్గుణమునకు పాము. ఆ పటమున మూడు మంచి సంగతులు గలవు. చేసినదాని ఫలము వెంటనే కనబడును. ఎవరెక్కడ నున్నదియు అందరికిని తెలియును. పాము మ్రింగినను మరల ఎక్కుటకు వీలుండును. ఒక్కటి మాత్రము మనకు పనికిరాదు. అచ్చట పైకెక్కించునదియు పడద్రోయునదియు పందెపు గవ్వలే గాని మన ప్రయత్నము గాదు. విద్యుత్తు ఆటలో గవ్వలుండరాదు. మన చేతి పనియే పందెము కావలెను.

ఇట్టి ఆటలను లోకమున పలుచోట్ల ఆడి చూచిరి. అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందలి ఓబర్లిన్ కళాశాలలో 2005వ సంవత్సరమున వసతిగృహములకు రెండు వారముల పోటీ పెట్టిరి. అచ్చటి విద్యార్థులు వాడుకనుబట్టి రుసుము కట్టువారు కారు. అయినను మొత్తముమీద వాడుక నూటికి 32 వంతులు తగ్గెను. ఎప్పటి వాడుక అప్పుడే తెరమీద కనబడునట్లు అమర్చిన రెండు గృహములలో తగ్గుదల సగమును మించెను.

కాలిఫోర్నియాలోని సాన్ మార్కోస్ పట్టణమున మఱియొక సంగతి బయటపడెను. ఇంచుమించు 290 ఇండ్ల తలుపులకు "మీ వాడుక యింత, ఇరుగుపొరుగుల సగటు ఇంత" యని చీటీలు తగిలించిరి. ఎక్కువ వాడువారు తగ్గించిరి. కాని తక్కువ వాడుచున్నవారు మేమేల వెనుకబడవలెనన్నట్లు పెంచిరి! వారి చీటీమీద ఒక నవ్వుమొగము గీసినంతనే ఆ పెరుగుదల ఆగిపోయెను. ఈ పరిశోధన 2007లో ప్రకటింపబడెను. బాగున్నదను ఒక్క మాటకు ఎంత బలము గలదో వంటయింట మసలు మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన దేశమున అపార్టుమెంట్లలో జరిగి 2017లో ప్రకటింపబడిన పరిశోధనయు గమనింపదగినది. ఇరుగుపొరుగులతో పోల్చు చీటీలవలన వేసవి వాడుక నూటికి 7 వంతులు తగ్గెను. తగ్గించినవారికి సొమ్ము కూడ ఇచ్చెదమన్నచోట ఆ మేలు నిలువలేదు. మర్యాదకొఱకు చేయుపని బేరముగా మారినచో దాని రుచి పోవును గాబోలు. లక్షల యిండ్లకు ఇట్టి చీటీలు పంపిన అమెరికా కంపెనీ యనుభవములో తగ్గుదల సగటున నూటికి రెండు వంతులే. కావున పదునాలుగు దినముల పోటీయుత్సాహము ఏడాది పొడుగున నుండునని ఎవరును ఆశింపరాదు. ఆట ముగిసినపిమ్మట అలవాటు మిగులవలెను.

వీనినన్నిటిని ఆలోచించి వాటాల యిండ్లకు తగిన ఆట నొకదానిని ఇచ్చట వ్రాయుచున్నాము. దీనికి కావలసినవి వామనగుంటల పీట, దోసెడు చింతగింజలు, మీటరు చూడగల కన్నులు.

పీటకు పై వరుసను ఏడు, క్రింది వరుసను ఏడు గుంటలుండును. వారమునకును ఏడు దినములే. ప్రతి దినము ఒకే వేళకు మీటరు చూచి, నిన్నటి యంకెను తీసివేసి, వాడిన యూనిట్టొకటికి గింజ యొకటి చొప్పున ఆనాటి గుంటలో వేయవలెను. వాడుక హెచ్చైనచో రెండు యూనిట్లకు ఒక గింజ. మొదటి వారము పై వరుస నిండును. అప్పుడు ఎవరిని ఏమియు ననవలదు, లెక్క మాత్రమే. రెండవ వారము క్రింది వరుస. సోమవారము క్రింద సోమవారము, ఆదివారము క్రింద ఆదివారము ఉండుటచే ఏనాడు తగ్గెనో చదువురాని అవ్వకును తెలియును. క్రింది గింజలు తక్కువైనచో ఇల్లంతయు గెలిచినట్లు. మూడవ వారము క్రింది గింజలను పైకి మార్చి ఆట సాగింపవలెను.

ఇందు ఎదిరి పక్షము పోయిన వారపు మన యిల్లే గాని పక్కవాటావారు గారు. పక్కవారిని ఎదిరిగా చేసినచో పాత జగడము క్రొత్త పేరుతో వచ్చును. ఎండలు ముదిరిన వారమున గింజలు పెరుగుట సహజము. దానికి చిన్నబోక, నిరుటి బిల్లులు దాచి అదే మాసముతో పోల్చి చూచుకొనవలెను.

మీటరు చూచు వంతు వారమునకొక వాటాకు మారవలెను. మగవారును మగపిల్లలును తప్పించుకొనరాదు. గెలిచిన వారమునకు సొమ్ము బహుమానము వలదు. ఆదివారము అందరును కలిసి ఒక పూట భోజనము చేయుటయే బహుమానము. ఆ పూట వంట మగవారిది. లేనిచో ఆట గెలిచిన ఫలము మరల మనకే చాకిరి యగును.

గింజలు వేటికి పోవుచున్నవో పిల్లలకు నేర్పవలెను. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పది గంటలు వెలిగినను యూనిట్టులో పదవవంతైన కాదు. 2000 వాట్ల గీజరు అరగంటలో ఒక యూనిట్టు త్రాగును. ట్యాంకు నిండి పొర్లుచుండగా ఒక గుఱ్ఱపుబలము మోటారు అరగంట తిరిగినచో యూనిట్టులో మూడవవంతుకు మించి వృథా. 75 వాట్ల పాత పంకా పండ్రెండు గంటలు తిరిగినచో ముప్పాతికకు మించిన యూనిట్టగును. ముప్పదివాట్ల క్రొత్తరకము బి.ఎల్.డి.సి. పంకాకు అందులో సగమైన పట్టదు. చల్లదనపు యంత్రమున ఒక్క డిగ్రీ పెంచినచో నూటికి ఆరు వంతుల వఱకు మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థవారు చెప్పుచున్నారు. దీపముకొఱకు పిల్లవానిని కసరి గీజరును మఱచుట చిల్లి కడవను వదలి చెంబును మూయుటవంటిది.

ఒక్క నియమము తప్పరానిది. బాలింత గదిలోని పంకా, ముసలివారి పంకా, రోగి మంచముకడ దీపము, పరీక్షకు చదువు పిల్ల దీపము ఆటలోనివి గావు. వైశాఖ జ్యేష్ఠములలో మా యూరి యెండ 40 డిగ్రీలు దాటును. ఒకరి నిద్ర చెఱచి గెలిచిన గింజలు పాముమీది గడివంటివే. ఎవరైన ఉక్కపోతలో పంకా వేయుటకు వెనుదీయుచున్నట్లు కనబడినచో ఆ దినమే పీటను బోర్లించి ఆట నాపవలెను.

నాలుగైదు వారములకు పిల్లలకు ఆట విసుగు పుట్టును. పుట్టనిండు. అప్పటికి మోటారు ఆపుట, గీజరు మీట నొక్కుట చేతికి అలవాటగును. మిగిలిన సొమ్ముతో మెట్లమీదనో నడవలోనో ఒక పాత దీపమును, ఒక పాత పంకాను మార్చుకొనవచ్చును. బిల్లు వచ్చిన దినమున నలుగురు ఇల్లాండ్రు ఒక్కచోట గూర్చుండి పీట చూచుకొని మాటలాడుకొనగలిగిరా, ఆ యింట నుమ్మడి గొర్రె బ్రదికినట్లే.