తుపాకీకీ ఉంటాయి పుట్టుమచ్చలు!

పాత పొట్టి రివాల్వర్లను గుర్తుపట్టడం ఓ విద్య
నంబరు కుదిరితే లక్షలు... కుదరకపోతే పాత ఇనుము

సంతలో ఎద్దును కొనే రైతు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. తర్వాత సుడులు చూస్తాడు. కాలు ఎత్తించి గిట్టలు చూస్తాడు. నాలుగు అడుగులు నడిపించి నడక చూస్తాడు. అమ్మేవాడి మాటలు ఆ తర్వాతే చెవిన వేసుకుంటాడు. అమెరికాలో పాత తుపాకులు సేకరించేవారు చేసే పని కూడా అచ్చం ఇలాంటిదే. పాత సామాన్ల అంగట్లోనో, వేలం పాటలోనో, చనిపోయిన వారి ఇంటి సామానులోనో ఓ పొట్టి రివాల్వర్ కంటపడితే వారు ముందు దాని పుట్టుమచ్చలు వెతుకుతారు. అది ఏ కంపెనీది, ఏ ఏట తయారైంది, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా అన్నది తేలిన తర్వాతే బేరం మొదలవుతుంది.

పాత నాణేలు, తపాలా బిళ్లలు సేకరించేవారు మన జిల్లాల్లోనూ ఉన్నారు. తుపాకుల సంగతి వేరు. అది ప్రాణం తీసే వస్తువు. అందుకే దాన్ని గుర్తించడంలో పొరపాటు జరిగితే పోయేది డబ్బు మాత్రమే కాదు.

గొట్టం ఎందుకు పొట్టి?

రివాల్వర్ అంటే తిరిగే తుపాకి. గుండ్రటి తూటాల చక్రం ఒక్కో పేలుడుకు ఒక్కో గడి చొప్పున తిరుగుతుంది. అమెరికాకు చెందిన శామ్యూల్ కోల్ట్ 1836లో దీనికి పేటెంట్ పొందాడు. మొదట్లో వచ్చిన వాటిలో పొడుగు గొట్టాలవి చాలా ఉండేవి. అలాంటివి నడుముకు ఒర కట్టుకుని మోయవలసి వచ్చేది.

పట్టణాలు పెరిగి, మామూలు దుస్తుల్లో తిరిగే డిటెక్టివులు వచ్చిన తర్వాత కోటు జేబులో ఇమిడే తుపాకి అవసరమైంది. కోల్ట్ కంపెనీ 1927లో ‘డిటెక్టివ్ స్పెషల్’ అనే రివాల్వర్‌ను విడుదల చేసింది. దీని గొట్టం పొడవు రెండే అంగుళాలు. బరువు సుమారు 600 గ్రాములు. ఆరు తూటాలు పడతాయి. దీన్ని ‘పాయింట్ 38 స్పెషల్’ తూటాకు తయారు చేశారు. 38 అన్నది ఆ తూటాకు స్థిరపడిన పేరే. నిజానికి అందులోని గుండు మందం అంగుళంలో వెయ్యింట 357 వంతులు మాత్రమే.

పొట్టి గొట్టం వల్ల లాభంతోపాటు నష్టమూ ఉంది. గురి చూసేందుకు ముందున్న గుర్తుకూ వెనకున్న గాడికీ నడుమ దూరం తగ్గిపోతుంది. చెయ్యి కొద్దిగా కదిలినా గుండు ఎటో పోతుంది. చప్పుడు, మంట కూడా ఎక్కువే. అందుకే ఇవి దగ్గర దూరానికి తప్ప పనికిరావు.

ఆరా? ఐదా?

కోల్ట్‌కు పోటీగా నిలిచిన కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్. ఇది 1950లో ‘చీఫ్స్ స్పెషల్’ అనే పొట్టి రివాల్వర్‌ను తెచ్చింది. ఏడేళ్ల తర్వాత కంపెనీ తన తుపాకులకు అంకెలు ఇచ్చినప్పుడు అదే ‘మోడల్ 36’ అయింది. దూరం నుంచి చూస్తే రెండు కంపెనీల తుపాకులూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. అనుభవం ఉన్నవారు మాత్రం నాలుగు గుర్తులతో తేల్చేస్తారు.

మొదటిది గదుల లెక్క. డిటెక్టివ్ స్పెషల్ చక్రానికి ఆరు గదులు ఉంటాయి. చీఫ్స్ స్పెషల్‌కు ఐదే. రెండవది ఎడమ పక్క ఉండే గడియ. చక్రాన్ని బయటికి తీయాలంటే కోల్ట్ గడియను వెనక్కి లాగాలి. స్మిత్ అండ్ వెస్సన్ గడియను ముందుకు నెట్టాలి. మూడవది చక్రం తిరిగే దిక్కు. వెనక నుంచి చూస్తే కోల్ట్ చక్రం గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. రెండవ కంపెనీది ఎదురు దిశలో తిరుగుతుంది. నాలుగవది లోపలి యంత్రాన్ని కప్పి ఉంచే పక్క రేకు. కోల్ట్‌కు అది ఎడమ వైపు, స్మిత్ అండ్ వెస్సన్‌కు కుడి వైపు ఉంటుంది.

ఏ కాలం నాటిదో కూడా రూపమే కొంత చెబుతుంది. తొలినాటి డిటెక్టివ్ స్పెషల్ పిడి అడుగు భాగం చదరంగా ఉండేది. 1933 ప్రాంతం నుంచి గుండ్రటి పిడి వచ్చింది. ఖాళీ తూటాలను తోసే కడ్డీ పాత వాటిలో గొట్టం కింద బయటికే కనిపిస్తుంది. 1973 నుంచి వచ్చిన వాటిలో ఆ కడ్డీకి ఇనుప కప్పు ఉంటుంది. ఈ రకం తయారీ 1986లో ఆగి, 1993లో మళ్లీ మొదలై, 1995లో నిలిచిపోయింది.

నంబరే జాతకం

రూపం చెప్పేది సగమే. మిగతా సగం సీరియల్ నంబరు చెబుతుంది. కోల్ట్ తుపాకుల్లో చక్రాన్ని పక్కకు తీస్తే లోపల చట్రం మీద నంబరు కనిపిస్తుంది. స్మిత్ అండ్ వెస్సన్ వారి పాత తుపాకుల్లో పిడి అడుగున ఉంటుంది. వాటిలో చాలావాటికి చక్రం మీద, గొట్టం అడుగున కూడా అదే నంబరు కొట్టి ఉంటుంది. మూడు చోట్లా ఒకే నంబరు ఉంటే అది అసలు సరుకు. తేడా ఉంటే ఏదో ఒక భాగం మారిందని అర్థం.

పాత నంబర్ల లెక్కలు కోల్ట్ కంపెనీ భద్రపరిచింది. నంబరు ఇచ్చి రుసుము కడితే ఆ తుపాకి ఏ తేదీన కర్మాగారం నుంచి బయటికి వెళ్లింది, ఏ దుకాణానికి వెళ్లింది, గొట్టం ఎంత పొడవు, ఏ రంగు అన్న వివరాలతో లేఖ ఇస్తారు. పొలానికి పాత దస్తావేజు ఎలాంటిదో సేకర్తలకు ఆ లేఖ అలాంటిది.

కోసిన గొట్టాలు, కొత్త మెరుగులు

కొమ్ములు చివ్వి, రంగు పూసి ముసలి ఎద్దును వయసుదిగా అమ్మే మాయగాళ్లు సంతల్లో ఉన్నట్టే ఈ వ్యాపారంలోనూ ఉన్నారు. నాలుగు అంగుళాల గొట్టం ఉన్న మామూలు పోలీసు రివాల్వర్‌ను రెండు అంగుళాలకు కోసి, అరుదైన పొట్టి రకమని అమ్మడం వారి ఎత్తుల్లో ఒకటి. గొట్టం మీద ఉన్న అక్షరాలు మధ్యలో తెగిపోయినా, ముందు గుర్తు తర్వాత అతికించినట్టున్నా కోసిన గొట్టమని పసిగట్టవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. కోల్ట్ ఉద్యోగి జాన్ హెన్రీ ఫిట్జెరాల్డ్ తానే పెద్ద రివాల్వర్ల గొట్టం కుదించి, మీట చుట్టూ ఉండే కాపు ముందు భాగం కోసి కొన్ని తయారు చేశాడు. వాటిని ‘ఫిట్జ్ స్పెషల్’ అంటారు. అసలైనవి బహు కొద్ది. ఆకురాయి, రంపం ఉన్న ప్రతివాడూ వాటికి నకలు చేయగలడు. ఫిట్జెరాల్డ్ కోసినదేదో, ఇంకెవరో కోసినదేదో కంటితో తేల్చడం కష్టం. కంపెనీ లేఖ ఉంటేనే దానికి విలువ.

పాత తుపాకికి కొత్తగా నీలి మెరుగు పెట్టించడం మరో పొరపాటు. తళతళలాడితే ధర పెరుగుతుందని అనుకుంటారు. జరిగేది అందుకు విరుద్ధం. మెరుగు పట్టించేటప్పుడు అంచులు అరిగి మొద్దుబారతాయి. అక్షరాలు మాసిపోతాయి. మరల చుట్టూ గుంటలు పడతాయి. అరిగినా సరే, కర్మాగారంలో పెట్టిన మెరుగే సేకర్తలకు ముద్దు.

ఒక్క నంబరు విలువ

1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురయ్యారు. నిందితుడు లీ హార్వే ఆస్వాల్డ్‌ను రెండు రోజుల తర్వాత డల్లాస్ పోలీసు కార్యాలయం నేలమాళిగలో నుంచి తరలిస్తుండగా జాక్ రూబీ అనేవాడు ముందుకు దూకి కాల్చి చంపాడు. టెలివిజన్‌లో ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. రూబీ చేతిలో ఉన్నది కోల్ట్ వారి ‘కోబ్రా’. డిటెక్టివ్ స్పెషల్‌కు తమ్ముడి వంటిది. 1950లో వచ్చింది. చట్రం అల్యూమినియంతో చేసినందువల్ల తేలిక. నంబరు 2744, వెనక తేలిక రకాన్ని సూచించే ఎల్.డబ్ల్యు. అన్న రెండు అక్షరాలు.

రూబీ 1967లో చనిపోయాడు. ఆ తుపాకి ఎవరికి చెందాలన్న విషయంపై ఏళ్ల తరబడి కోర్టులో వ్యాజ్యం నడిచింది. చివరికి రూబీ సోదరుడికి దక్కింది. 1991లో వేలం వేస్తే 2 లక్షల 20 వేల డాలర్లు పలికింది. కొత్తదిగా ఉన్నప్పుడు వంద డాలర్లయినా చెయ్యని వస్తువు అది. అలాంటి కోబ్రాలు వేల సంఖ్యలో తయారయ్యాయి. వాటన్నిటికీ లేని విలువ దీనికి తెచ్చింది ఆ నంబరూ, దాన్ని రాసిపెట్టిన కాగితాలే.

ఇందుకు భిన్నమైన కథ ఇంకొకటి ఉంది. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను చార్లెస్ గిటో అనేవాడు కాల్చాడు. గార్ఫీల్డ్ ఆ సెప్టెంబరులో మరణించారు. వాడింది ‘బుల్‌డాగ్’ తరహా పొట్టి రివాల్వర్. ఈ పేరుతో మొదట తయారు చేసింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ కంపెనీ. 1872 నుంచి అది చేసిన వాటికి బెల్జియంలోనూ, ఇతర దేశాల్లోనూ లెక్కలేనన్ని నకళ్లు వచ్చాయి. అధ్యక్షుడి ప్రాణం తీసిన ఆ రివాల్వర్ స్మిత్సోనియన్ మ్యూజియం చేతికి వెళ్లింది. ఫోటో కూడా తీశారు. ఆ తర్వాత ఎక్కడో పోయింది. నేటికీ దొరకలేదు.

బుల్‌డాగ్ నకళ్లను పట్టుకోవడానికి పరీక్ష ముద్రలు పనికొస్తాయి. ఆ దేశాల్లో గొట్టం పేలుడుకు తట్టుకుంటుందా లేదా అని సర్కారు గుర్తింపు ఉన్న చోట పరీక్షించి ముద్ర కొట్టేవారు. బెల్జియంలోని లీజ్ నగరం ముద్రలో గుడ్డు ఆకారపు గీత లోపల ఇ.ఎల్.జి. అనే అక్షరాలు ఉంటాయి. 1893 నుంచి దాని పైన కిరీటం చేర్చారు. కిరీటం లేకపోతే అంతకు ముందుదని లెక్క.

కలకత్తా చెప్పిన పాఠం

నంబరు మహిమ మన దేశ చరిత్రలోనూ ఉంది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలను బెంగాల్ విప్లవకారులు ఎత్తుకుపోయారు. ఇవి రివాల్వర్లు కావు. కాని ప్రతి పిస్తోలు మీదా నంబరు ఉంది. ఆ నంబర్ల జాబితా కంపెనీ దగ్గర ఉంది. తర్వాతి సంఘటనల్లో దొరికిన పిస్తోలు రోడా సరుకా కాదా అని ఆ జాబితాతో సరిచూడడానికి వీలైంది.

మన ఇంట్లో బయటపడితే?

అమెరికాలో 1898లోగా తయారైన తుపాకులను చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది. అసలు రూపం మారకుండా 50 ఏళ్లు దాటిన వాటికి సేకర్తలు వేరే లైసెన్సు తీసుకోవచ్చు. అక్కడి మాటలు విని ఇక్కడ కూడా అంతేనని ఎవరైనా అనుకుంటే చిక్కుల్లో పడతారు.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకికి లైసెన్సు తప్పనిసరి. పాతకాలపుదీ, విరిగిపోయినదీ అయితే మినహాయింపు ఉంది. అయితే ఆ మినహాయింపుకు ఓ షరతు ఉంది. మరమ్మతు చేసినా సరే అది పేలడానికి వీల్లేనిదై ఉండాలి. ‘తుప్పు పట్టింది కదా’, ‘తాతగారి నాటిది కదా’ అన్నంత మాత్రాన చట్టం వదిలిపెట్టదు. నూనె వేసి, మర మార్చితే పనిచేసే తుపాకి తుపాకే. 2019లో చట్టాన్ని సవరించిన తర్వాత లైసెన్సు లేని తుపాకి ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలుశిక్ష పడవచ్చు. ఒక మనిషికి ఉండదగిన తుపాకుల సంఖ్యను కూడా అదే సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినా ఇదే లెక్క.

పెద్దవారు పోయిన తర్వాత పెట్టెలు సర్దేటప్పుడో, పాత ఇల్లు పడగొట్టేటప్పుడో తుపాకి బయటపడితే చేయవలసింది కొద్దే. మీట నొక్కి చూడరాదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వరాదు. తూటా లేదనుకుని ఆడించిన తుపాకే ప్రాణం తీస్తుంది. పక్కింటివారికి చూపించడం, సంతలో అమ్మజూపడం అసలే వద్దు. ఉన్నచోటనే ఉంచి దగ్గరి పోలీసు స్టేషన్‌కు తెలియజేయాలి. పాత లైసెన్సు పుస్తకం కనిపిస్తే దాన్నీ చూపాలి. అందులో తుపాకి నంబరు రాసి ఉంటుంది. అప్పగించినప్పుడు ఆ నంబరుతో సహా రసీదు తీసుకోవాలి. లైసెన్సు ఉన్న పెద్దల తుపాకి అయితే వారసులు తమ పేరిట లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.

పాత ఆయుధాలను కళ్లారా చూడాలన్న సరదా ఉన్నవారికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. టిక్కెట్టు కొనుక్కుని చూసి రావచ్చు. ఇంట్లో దొరికినదాని పుట్టుమచ్చలు వెతికే పని మాత్రం పోలీసులకు వదిలెయ్యడమే మేలు.