కంప్యూటర్ మానిటర్: అమరిక, ముద్రలు, ఆఖరి మజిలీ

మా సంఘం కంప్యూటర్ గదికి దాతల నుంచి అందే వస్తువుల్లో మానిటర్లదే మొదటి స్థానం. ఆఫీసులో కొత్తవి కొన్నప్పుడు మిగిలిన పాతవి, దుకాణం సర్దుకున్నప్పుడు బయటపడ్డవి, అబ్బాయి ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక ఇంట్లో మూలన పెట్టినవి ఇలా వస్తుంటాయి. సి.పి.యు. ఇచ్చేటప్పుడు "ర్యామ్ ఎంత ఉంటే సరిపోతుంది సార్?" అని అడిగే పెద్దలు, మానిటర్ దగ్గరికి వచ్చేసరికి "వెలుగుతోంది, చూసుకోండి" అని ఊరుకుంటారు. పిల్లల కళ్ళకు ఎదురుగా గంటల తరబడి ఉండేది ఆ తెరే. కరెంటు బిల్లులో కనబడేదీ, పాడైపోయాక ఎక్కడ పారేయాలో తోచనిదీ అదే. అందువల్ల ఈసారి సంచికలో మానిటర్ గురించే నాలుగు మాటలు రాయాలని అనుకున్నాము.

మా దగ్గరకు వచ్చేవి మూడు రకాలు. వెనుక గూడులా పొడుచుకు వచ్చిన పాత గాజు గొట్టం మానిటర్, అంటే సి.ఆర్.టి., మొదటిది. రెండోది పలకలా ఉన్నా, లోపల సన్నని ట్యూబ్‌లైట్లు పెట్టి వెనుక నుంచి వెలుగు వేసే ఎల్.సి.డి. మూడోది అదే పలక, కానీ లోపల ఎల్.ఇ.డి. దీపాలు ఉన్నది. బయటికి రెండోదీ మూడోదీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మోడల్ నంబరు చూసి తెలుసుకోవాలి.

రేడియేషన్ సంగతి

తల్లులు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "సార్, దాంట్లోంచి ఏవో కిరణాలు వస్తాయంట గదా, పాప కళ్ళు పాడవుతాయా?" ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పాత గాజు గొట్టం లోపల ఎలక్ట్రాన్లను ఇరవై వేల వోల్టులకు పైబడిన ఒత్తిడితో తెర మీదికి విసురుతారు. అవి తగిలిన చోట కొద్దిపాటి ఎక్స్‌రేలు పుడతాయి. అవి బయటకు రాకుండా ఆపడానికే ఆ గాజులో బరువైన లోహాలు కలిపారు. వెనుక గరాటులాంటి భాగంలో గాజు బరువులో ఐదో వంతుకు పైగా సీసపు ఆక్సైడే ఉంటుంది. ముందు పలకలో ఎక్కువగా బేరియం, స్ట్రాన్షియం వాడారు. ఒక్కో మానిటర్‌లో సుమారు రెండు కిలోల సీసం ఉండేది. గాజు పగలకుండా ఉన్నంతకాలం ఎదుట కూర్చున్న మనిషికి అది రక్షణే. పలకలాంటి ఎల్.సి.డి.లో ఆ గొట్టమే లేదు కాబట్టి ఎక్స్‌రేల ప్రశ్నే రాదు.

కూర్చున్నవాడిని కాపాడిన ఆ సీసమే, మానిటర్‌ను పగలగొట్టేవాడికి విషం. గాజు నుజ్జయితే ధూళి గాలిలో కలుస్తుంది, చెత్తకుప్ప మీద పడేస్తే వానకు కరిగి నేలలోకి దిగుతుంది. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. శరీరంలో ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. రెండో రకం మానిటర్‌లోని సన్న ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. ఒక్కో దీపంలో కొన్ని మిల్లీగ్రాములే అయినా, పగిలితే ఆవిరై గదిలో చేరుతుంది. ఎల్.ఇ.డి. రకంలో ఆ పాదరసం దీపం ఉండదు.

అందుచేత పర్యావరణ భద్రత అంటే ఎక్కడో అడవుల ముచ్చట అనుకోకండి. మానిటర్ తయారైన రోజు నుంచి విడదీసే రోజు వరకు దాన్ని ముట్టుకునే ప్రతి మనిషి భద్రతా అందులోకి వస్తుంది. మానిటర్ వెనుక కనిపించే ముద్రలు ఈ విషయం గురించే చెబుతాయి.

వెనక్కి తిప్పి చూడండి

మానిటర్ ప్రమాణాలకు పుట్టిల్లు స్వీడన్. 1980ల్లో ఆఫీసుల్లో రోజంతా తెర ముందు కూర్చునే ఉద్యోగులు తలనొప్పి, చర్మం మంట, కళ్ళ అలసట గురించి ఫిర్యాదులు చేయడం మొదలుపెట్టారు. 1990లో అక్కడ ఎం.పి.ఆర్. 2 అనే కొలమానం వచ్చింది. తెర నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఎంతకు మించకూడదో అది నిర్ణయించింది. అక్కడి ఉద్యోగుల సంఘాల సమాఖ్య అయిన టి.సి.ఓ. దానితో తృప్తి పడకుండా 1992లో తన సొంత ముద్ర తెచ్చింది. కొలిచే దూరాన్ని ముందువైపు 30 సెంటీమీటర్లకు తగ్గించింది. ఎం.పి.ఆర్. 2 మీటరుకు 25 వోల్టుల వరకు అనుమతించిన తక్కువ పౌనఃపున్య విద్యుత్ క్షేత్రాన్ని ఇది 10 వోల్టులకు కుదించింది. పని లేనప్పుడు మానిటర్ దానంతటదే నిద్రపోవాలని కూడా షరతు పెట్టింది. టి.సి.ఓ. 95 నుంచి హానికర రసాయనాల సంగతి కూడా చేరింది. తరువాత టి.సి.ఓ. 99, 03 వచ్చాయి, ఇప్పుడు అది టి.సి.ఓ. సర్టిఫైడ్ పేరుతో నడుస్తోంది. కార్మిక సంఘం ఒకటి పట్టుబడితే ప్రపంచంలోని కంపెనీలన్నీ తమ తెరల తయారీ మార్చుకున్నాయంటే, ఉపాధ్యాయ సంఘాల్లో తిరిగిన మాలాంటి వాళ్ళకు కాస్త గర్వంగా ఉంటుంది.

ఎనర్జీ స్టార్ అమెరికా పర్యావరణ సంస్థ 1992లో మొదలుపెట్టిన ముద్ర. ఆ ముద్ర మొట్టమొదట పడింది కంప్యూటర్ల మీద, మానిటర్ల మీదనే. ఇది కరెంటు పొదుపు గురించి మాత్రమే చెబుతుంది.

రోస్ అని పలికే నాలుగు అక్షరాల ముద్ర ఐరోపా నిబంధన గురించినది. 2006 జూలై 1 నుంచి అమలైంది. సీసం, పాదరసం, కాడ్మియం, ఒక రకం క్రోమియం, మంటలను అడ్డుకునేందుకు ప్లాస్టిక్‌లో కలిపే రెండు రకాల బ్రోమిన్ రసాయనాలు పరిమితికి మించి ఉండరాదు. పరిమితి ప్రతి పదార్థంలో బరువులో 0.1 శాతం, కాడ్మియానికైతే 0.01 శాతం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, పాదరసం దీపాలకు చాలాకాలం అలాంటి మినహాయింపే దొరికింది. మన దేశపు ఈ-వ్యర్థాల నియమాలు కూడా ఇవే పరిమితులను తీసుకున్నాయి.

మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది బి.ఐ.ఎస్. నమోదు ముద్ర. షాకు కొట్టకుండా, మంట అంటుకోకుండా ఉండే భద్రతకు ఇది గుర్తు. దీని కోసం బి.ఐ.ఎస్. గుర్తించిన ప్రయోగశాలలో నమూనాను పరీక్ష చేయించాలి. ముద్ర దగ్గర ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం, ఆ తరువాత ఎనిమిది అంకెలు ఉంటాయి. ఆ నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో వేసి చూస్తే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో కనబడుతుంది. సి.ఇ. అనే రెండక్షరాలు మాత్రం కనబడగానే నమ్మేయవలసినవి కావు. మానిటర్లకు అది తయారీదారు తన మాట మీద తాను వేసుకునే ముద్ర.

అడ్డగీతలు కొట్టిన చక్రాల చెత్తడబ్బా బొమ్మ కూడా ఉంటుంది. దీన్ని మామూలు చెత్తలో వేయకూడదని దాని అర్థం.

గదిలో ఎలా పెట్టాలి

ఎంత మంచి ముద్ర ఉన్న మానిటర్‌నైనా తప్పుగా పెడితే మెడనొప్పి తెస్తుంది. మన బళ్ళలో తరచుగా కనిపించే పొరపాటు, అడ్డంగా పడుకోబెట్టిన సి.పి.యు. డబ్బా మీద మానిటర్‌ను ఎక్కించడం. పెద్దవాళ్ళ ఆఫీసు కోసం చేసిన బల్ల, దాని మీద డబ్బా, ఆ పైన తెర. ఆరో తరగతి పిల్లవాడు గడ్డం పైకెత్తి, గాలిపటం చూసినట్టు చూస్తాడు. తెర పై అంచు పిల్లవాడి కంటి మట్టానికి సమానంగా గానీ, కొంచెం కిందికి గానీ ఉండాలి. సి.పి.యు.ను పక్కన పెట్టి, మానిటర్‌ను నేరుగా బల్ల మీద పెడితే చాలా వరకు సరిపోతుంది. కుర్చీ ఎత్తు పెంచితే కాళ్ళు గాలిలో వేలాడతాయి, కాబట్టి కింద ఒక చెక్కపీట వేయాలి. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కతో అయిపోయే పని ఇది.

దూరానికి కొలబద్ద అక్కరలేదు. వీపు కుర్చీకి ఆనించి చేయి చాస్తే వేళ్ళ కొసలు తెరను తాకీ తాకనట్టు ఉండాలి. తెర పైభాగాన్ని కొద్దిగా వెనక్కి వంచాలి. ఒకే మానిటర్ ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు కూర్చునే గదుల్లో మరో ఇబ్బంది ఉంది. టి.ఎన్. రకం పలకలు పక్కనుంచో కిందనుంచో చూస్తే రంగులు మారి నల్లబడతాయి. మధ్యలో కూర్చున్నవాడికే బొమ్మ సరిగా కనబడుతుంది. కొత్తది కొనిచ్చే దాతలు ఐ.పి.ఎస్. రకం అడిగి తీసుకుంటే అంచున కూర్చున్న పిల్లకూ అక్షరం కనబడుతుంది.

కిటికీ విషయంలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. మానిటర్ ఆపేసి, నల్లని తెర ఎదుట కూర్చోండి. అందులో కిటికీ గానీ ట్యూబ్‌లైటు గానీ కనబడితే బల్ల స్థానం తప్పు. కిటికీ తెరకు ఎదురుగానూ, వెనుకగానూ కాకుండా పక్కకు రావాలి. బల్ల జరపడానికి చోటు లేకపోతే ముదురు రంగు కర్టెన్ వేయించాలి.

ఇక తెర లోపలి అమరిక. ఎల్.సి.డి., ఎల్.ఇ.డి. మానిటర్లకు తయారీలోనే నిర్ణయమైన చుక్కల లెక్క ఒకటి ఉంటుంది. 1366×768, 1280×1024, 1920×1080 లాంటివి. కంప్యూటర్‌లో వేరే లెక్క పెడితే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అక్షరం చిన్నదిగా ఉంటే చుక్కల లెక్క తగ్గించకుండా, అక్షరాల పరిమాణాన్ని 125 శాతానికి పెంచాలి. వెలుగు ఎంత పెట్టాలో తెలియాలంటే తెర పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా మెరుస్తుంటే తగ్గించాలి, కాగితం కన్నా మసకగా ఉంటే పెంచాలి. కదిలే బొమ్మల స్క్రీన్‌సేవర్ ఏమీ పొదుపు చేయదు. పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తెర ఆరిపోయేలా పెట్టడమే అసలు పొదుపు.

తెర ముందు మనం రెప్పవేయడం సగానికి పడిపోతుంది. కళ్ళ మంటకు ముఖ్య కారణం అదే. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. మా గదిలో అయితే గేటు దగ్గరి వేపచెట్టును చూడమంటాము. నీలికాంతి కళ్ళద్దాలు కొనివ్వాలా అని ఒకరిద్దరు దాతలు అడిగారు. అవసరం లేదని అమెరికా కంటి వైద్యుల అకాడమీయే చెప్పింది. ఆ డబ్బుతో కంటి పరీక్ష చేయించండి. తెర మీదికి వంగి చూసే పిల్లలో చాలామందికి కావలసింది మామూలు కళ్ళజోడే.

కరెంటు దగ్గర మాత్రం రాజీ పడకూడదు. మూడు పిన్నుల ప్లగ్గుకు పెద్ద పిన్ను విరిచేసి రెండు రంధ్రాల్లో దూర్చే అలవాటు ప్రాణాంతకం. గదికి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాకే మానిటర్లు పెట్టాలి. ఎర్త్ లేని గోడకు ఎంత ఖరీదైన స్పైక్ బస్టర్ తగిలించినా పూర్తి రక్షణ ఇవ్వదు. పాత గాజు గొట్టం మానిటర్ డబ్బా ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు.

పాతది ఉచితమా?

ఒక లెక్క చూద్దాం. 17 అంగుళాల గాజు గొట్టం మానిటర్ సుమారు 80 వాట్లు తింటుంది, 19 అంగుళాల ఎల్.ఇ.డి. 20 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 6 గంటలు, ఏడాదికి 200 రోజులు నడిపితే పాతదానికి 96 యూనిట్లు, కొత్తదానికి 24. పది మానిటర్ల గదికి ఏడాదికి 720 యూనిట్ల తేడా. ఉచితంగా వచ్చిందనుకున్న పాతదానికి సంఘం ఇలా ప్రతి నెలా వెల కడుతూనే ఉంటుంది. చివర్లో పారేయడానికి మళ్ళీ ఖర్చు.

ఆ చివరి ఖర్చు వద్దనుకుని పాత సామాన్ల బండికి వేస్తే అది ఎక్కడికి పోతుంది? ఢిల్లీలోని సీలంపూర్ లాంటి చోట్ల చిన్న చిన్న గదుల్లో, సందుల్లో సుత్తులతో పగలగొట్టి, తీగలు కాల్చి రాగి తీస్తారు. ఆ పని చేసేది పేదవాళ్ళు, ఆ పొగ పీల్చేది వాళ్ళ పిల్లలు. పేద పిల్లల చదువు కోసం ఇచ్చిన వస్తువు మరో పేద పిల్లల ఊపిరిలోకి వెళ్ళడం దాతలెవరూ కోరుకోరు.

మన దేశంలో ఈ-వ్యర్థాలకు మొదటి ప్రత్యేక నియమాలు 2011లో వచ్చి 2012 మే నుంచి అమలయ్యాయి. 2016లో మారాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2022 నాటివి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. పాత పరికరాలు నమోదైన రీసైక్లర్‌కే చేరాలి, ఆ బాధ్యత తయారీదారు మీద కూడా ఉంది. నమోదైనవారి వివరాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద దొరుకుతాయి.

వీటన్నిటినీ ఆలోచించి, గాజు గొట్టం మానిటర్లను గది వాడకానికి తీసుకోకూడదని ఉపాధ్యాయులం సంఘానికి సూచించాము. ట్యూబ్ రకం ఎల్.సి.డి. పగలకుండా, మసకబారకుండా ఉంటే తీసుకుని నడిచినన్నాళ్ళు నడుపుతాము. పనిచేసేదాన్ని ముందే చెత్తగా మార్చడం కూడా సరికాదు. కొత్తది ఇవ్వదలచినవారు మానిటర్‌తో పాటు ఒక కాళ్ళపీటకో, ఎర్త్ పనికో, కర్టెన్‌కో కొంత కలిపి ఇస్తే ఆ మానిటర్ సరిగా కూర్చుంటుంది. ఇంట్లో పాత గాజు మానిటర్ ఉన్నవారు పగలకుండా అట్టపెట్టెలో పెట్టి మాకు తెలియజేయండి. పదో పదిహేనో కూడగానే నమోదైన రీసైక్లర్‌ను పిలిపించి అప్పగించి, రశీదు నకలు ఇచ్చినవారికి పంపుతాము.