జపానువారి యింట శీతకాలపు సెలవులు

గోదావరి మండలములవారికి సంక్రాంతి యెట్టిదో జపానుదేశీయులకు ‘ఓషోగత్సు’ అను నూతన సంవత్సరపు పండుగ యట్టిది. ఆ దేశము 1873లో పాత పంచాంగమును విడిచి గ్రిగోరియన్ పంచాంగమును స్వీకరించినది. నాటినుండి ఈ పండుగ జనవరి 1వ తేదీన వచ్చుచున్నది. క్రిస్మసు దినము అచ్చట ప్రభుత్వపు సెలవు కాదు. పాఠశాలలకు సెలవులు సామాన్యముగా డిసెంబరు చివరివారమున మొదలై జనవరి మొదటివారము వరకు నుండును.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు మన కాకినాడపై బాంబులు వైచినవి. ఆ కాలమున జపాను పేరు మన తీరమున యుద్ధవార్తలతో కలిసి వినబడెడిది. నేడు తెలుగుబిడ్డలు విద్యకును ఉద్యోగమునకును ఆ దేశమునకు పోవుచున్నారు. ఏ జాతినైనను దాని యిండ్లలో మెలగి తెలిసికొనుట మేలు. కావున పండుగ దినములలో జపాను కుటుంబమున నుండు పరదేశి ఎరుగదగిన సంగతులను కొన్నింటి నిచ్చట వివరింతుము.

డిసెంబరు చివర వారు ఇల్లెల్ల దులిపి కడుగుదురు. మనము పండుగకు ముందు బూజులు దులిపి సున్నము వేయుట వంటిదే యిది. అతిథినని కూర్చుండక తడిగుడ్డ చేతబట్టి తోడ్పడువాడు త్వరలో ఆ యింటివాడగును. మనము వరికంకుల కుచ్చులను వ్రేలాడదీయునట్లు వారును వరిగడ్డితో పేనిన అలంకారమును గుమ్మమునకు గట్టుదురు.

అరిసెలకు మనము నానిన బియ్యమును దంచి పిండి చేయుదుము. వారు ‘మోచి’ కొరకు జిగురుబియ్యమును ముందుగా ఆవిరిపై నుడికించి పిమ్మట దంచుదురు. ఒకరు కొయ్యసమ్మెటతో దంచుచుండ, వేరొకరు తడిచేతితో ముద్దను త్రిప్పుచుందురు. మోచి మిక్కిలి సాగును. చిన్న ముక్కలుగా కొరికి, బాగుగా నమిలి మ్రింగవలెను. అది గొంతున నడ్డుపడి ఏటేట కొందరు వృద్ధులు మరణించుచున్నారు.

డిసెంబరు 31వ తేదీ రాత్రి ‘సోబా’ యను పొడవైన సేమ్యాలను వేడి రసములో భుజింతురు. బౌద్ధాలయములలో గంటను 108 సార్లు మ్రోగింతురు; మనుష్యుని పీడించు 108 క్లేశములను అది పోగొట్టునని వారి భావము. మరునాడు ‘ఓసెచి’ యను వంటకములను పలు అరల పెట్టెలలో అమర్చి పెట్టుదురు. నల్ల చిక్కుడుగింజలు ఆరోగ్యమునకును, చేపగ్రుడ్లు సంతానవృద్ధికిని గురుతులు. వీనిని ముందుగనే వండియుంతురు గనుక ఇల్లాలికి పండుగనాడు విశ్రాంతి లభించును. నూతన సంవత్సరపు వేడుకలను ముఖ్యముగా బేర్కొని, జపాను ఆహార సంప్రదాయమును యునెస్కో 2013లో తన జాబితా కెక్కించినది.

పిన్నలకు పెద్దలు చిన్న కాగితపు సంచులలో సొమ్ము పెట్టి యిత్తురు. ముందుగా వ్రాసి వేసిన శుభాకాంక్షల కార్డులను తపాలావారు సరిగా జనవరి 1వ తేదీన అందజేయుదురు. ఆ యేట మరణము సంభవించిన యింటివారు ఈ కార్డులు పంపరు. వారికి శుభాకాంక్షలు తెలుపుటయు మర్యాద కాదు. ఏటిసూతకము నెరిగిన మనకు దీని యంతరార్థము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి సంతోషములో ఒక కష్టమును గలదు. ప్రభుత్వ కార్యాలయములు డిసెంబరు 29 మొదలు జనవరి 3 వరకు మూయబడును. అంగళ్లును పెక్కు మూతపడును. ప్రతివాడును తనవారి యింటికి పోవును. ఎవరును పిలువని పరదేశి విద్యార్థికి ఆ దినములు మిక్కిలి దీర్ఘములు. అతడు చేయదగిన దేమనగా, సెలవులకు ముందే ఇరుగుపొరుగువారితోను సహపాఠులతోను స్నేహము చేసికొని, పిలుపు వచ్చినప్పుడు సిగ్గుపడక పోవుట.

విద్యార్థులారా! దూరదేశమున మన బిడ్డకు ఒక తల్లి తలుపు తెరువవలెనని మనము కోరుదుము. మన వసతిగృహములలోను సంక్రాంతికి ఇల్లు చేరలేని దూరప్రాంతపు బాలు రుందురు. ఈ యేడు వారిలో ఒక్కనినైనను మీ యింటికి దోడ్కొనిపొండు. అరిసెల పిండి దంచుటకు అతనికిని ఒక రోకలి యిండు.