ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది కదండీ! మరి ధ్రువాల దగ్గర సముద్రంపై పేరుకున్న మంచును ఆకాశం నుంచి కొలిస్తే, ఆ లెక్క నిజమని ఎలా నమ్మడం?

1972 డిసెంబరులో అమెరికా పంపిన నింబస్-5 ఉపగ్రహం మైక్రోవేవ్ కిరణాలను కొలిచేది. నీటికన్నా మంచు వీటిని ఎక్కువగా వెలువరిస్తుంది. అందుకే మబ్బు పట్టినా, చీకటైనా మంచు జాడ తెలిసేది. కానీ వేసవిలో మంచు మీద కరిగిన నీరు మడుగులు కట్టిందనుకోండి, అదంతా సముద్రమేనని ఉపగ్రహం పొరబడేది!

అందుకని 1975-76లో శాస్త్రజ్ఞులు అలాస్కాకు ఉత్తరాన, తేలే మంచు మీదే మకాం వేశారు. పైన విమానాలు తిరిగాయి. కింద చూసినదీ, పైనుంచి కొలిచినదీ పక్కపక్కన పెట్టి సరిచూశారు.

1978లో వెళ్ళిన నింబస్-7 నాటినుంచి ఈ లెక్క తెగకుండా సాగుతోంది. ఆర్కిటిక్ మంచు తగ్గుతోందని ఈనాడు ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే, అలా సరిచూసుకోబట్టే. మొదటి కొలతే తప్పితే, తర్వాతి పోలికలన్నీ తప్పే కదూ!