చక్కెర తగ్గించి ఇంట్లోనే జామ్

మన ఇళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లు లేని ఇల్లు వెతకాల్సి వస్తోంది. రొట్టెకు జామ్ రాసుకుని తినే పిల్లల పక్కనే దాదీ, నానీ ఉత్త రొట్టె తింటుంటే చూడడానికి మనసొప్పదు. అందుకే చక్కెర లేకుండా, లేదా బాగా తగ్గించి జామ్ ఎలా చేయాలని చాలామంది అక్కచెల్లెళ్లు మమ్మల్ని అడుగుతున్నారు. పద్ధతి కష్టమైనది కాదు. అయితే చక్కెర తీసేసినప్పుడు ఏం మారుతుందో ముందుగా తెలుసుకోవాలి.

పండును పాకంలో నిల్వ చేయడం మనకు కొత్త కాదు. యునానీ హకీములు ఉసిరి మురబ్బాను మందుగా ఇస్తూ వచ్చారు. అరబ్బీలో జామ్‌ను కూడా మురబ్బా అనే అంటారు. ఆ మురబ్బా నెలల తరబడి చెడకపోవడానికి కారణం పాకమే.

జామ్‌లో చక్కెర మూడు పనులు చేస్తుంది. ఒకటి, తీపినిస్తుంది. రెండు, పండులో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని గట్టిపడేలా చేస్తుంది. ఇందుకు పులుపు కూడా తోడు కావాలి. మూడు, పండులోని నీటిని తనలో పట్టి ఉంచుతుంది. ఆ నీరు దొరక్క బూజు పెరగలేదు. బజారులో అమ్మే జామ్‌లో పండు కనీసం 45 శాతం, కరిగి ఉన్న ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలని మన దేశ ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ 65 శాతంలో ఎక్కువ భాగం చక్కెరే. అంటే 20 గ్రాముల పెద్ద చెంచాడు జామ్‌లో సుమారు 12 గ్రాముల చక్కెర ఉంటుంది. చక్కెర తీసేస్తే ఈ మూడు పనులకూ వేరే దారి చూసుకోవాలి.

మొదటిసారి చేసేవారికి జామపండు మంచిది. అందులో పెక్టిన్ ఎక్కువ. చలికాలంలో తాండూరు బజారులో చవకగానే దొరుకుతుంది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు చలికాలం వైపు వస్తోంది కాబట్టి ఇఫ్తార్, సహర్‌లకు కూడా పనికొస్తుంది.

కావలసినవి: పండిన జామపండ్లు ఒక కిలో, గింజ తీసిన ఖర్జూరాలు 100 గ్రాములు, నిమ్మకాయలు రెండు, నీళ్లు అర లీటరు.

ఖర్జూరాలను వేడినీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బండి. జామపండ్లను ముక్కలు కోసి, నీళ్లు పోసి, మెత్తబడేదాకా ఇరవై నిమిషాలు ఉడికించండి. గంటెతో మెదిపి జల్లెడలో వడకడితే గింజలు పైనే ఉండిపోతాయి. ఆ గుజ్జులో ఖర్జూరం ముద్ద కలిపి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని మంటపై కలుపుతూ ఉండండి. అరగంటకు దగ్గరపడుతుంది. దించడానికి పది నిమిషాల ముందు నిమ్మరసం పోయండి. చల్లని స్టీలు పళ్లెంలో కొంచెం వేసి వేలితో గీత గీయండి. గీత కలిసిపోకుండా, అంచుల్లో నీరు ఊరకుండా ఉంటే జామ్ అయినట్టే. సుమారు 600 గ్రాములు వస్తుంది.

బొప్పాయి లాంటి పండ్లు ఇలా గట్టిపడవు. వాటికి ఫలూదాల్లో, పుడ్డింగుల్లో వాడే చైనా గ్రాస్ సరిపోతుంది. ఇది సముద్రపు నాచు నుంచి వస్తుంది. జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది కాబట్టి హలాల్ గుర్తు చూడకుండా కొనకండి. కిలో బొప్పాయి గుజ్జుకు నాలుగైదు గ్రాముల చైనా గ్రాస్‌ను కప్పు నీళ్లలో నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా మరిగించి కలపండి. పులుపుతో ఎక్కువసేపు మరిగితే దాని పట్టు తగ్గుతుంది. అందుకని రెండు నిమ్మకాయల రసం చివర్లో పోయండి. బొప్పాయిలో పులుపు తక్కువ కాబట్టి నిమ్మరసం మానకూడదు. మన వైపు విరివిగా దొరికే సీతాఫలాన్ని మాత్రం దీనికి వాడకండి. ఉడికిస్తే చేదెక్కుతుంది.

నిల్వ విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. గాజు సీసాలను, మూతలను పది నిమిషాలు నీళ్లలో మరిగించి ఆరనివ్వండి. జామ్ వేడిగా ఉండగానే నింపండి. మన కరణ్‌కోట ఇళ్లలో చాలావరకు నాపరాళ్ల గచ్చే. వేడి సీసాను నేరుగా చల్లటి బండపై పెడితే పగులుతుంది, కింద మందపాటి గుడ్డ వేయండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో తినేయండి. ఫ్రిజ్ లేని ఇంట్లో పావు కిలో పండ్లతో చేసుకుని మర్నాటికల్లా ముగించండి. పైన బూజు కనిపిస్తే దాన్ని తీసేసి మిగతాది తినడం పొరపాటు. మొత్తం పారేయాలి. తడి చెంచా సీసాలో ముంచకూడదు.

ఇప్పుడు అసలు మాట. చక్కెర వేయకపోవడం వేరు, చక్కెర లేకపోవడం వేరు. ఖర్జూరంలో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరలే. బెల్లం, తేనె కూడా రక్తంలో షుగర్‌ను పెంచేవే. మనం పైన చేసిన జామ్‌లో పెద్ద చెంచాకు నాలుగైదు గ్రాముల చక్కెర ఉంటుంది. బజారు జామ్‌లో ఉండేదానికి ఇది సగం కన్నా తక్కువే గానీ సున్నా కాదు. "షుగర్ లేనిదే కదా" అని మూడు చెంచాలు వేసుకుంటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. ఖర్జూరం కూడా మానేస్తే ఇంకా తగ్గుతుంది. అప్పుడు రుచి పుల్లగా ఉంటుంది, చిటికెడు దాల్చినచెక్క పొడి వేసుకోవచ్చు. షుగర్ ఉన్నవారు రోజుకు ఒక చెంచాతో ఆపి, గోధుమ లేదా జొన్న రొట్టెతో తినడం మేలు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ ఉపవాసం ఉండేవారికి ఒక్కోసారి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తాయి, కళ్లు తిరుగుతాయి. పరీక్షలో 70 కన్నా తక్కువ ఉంటే ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతారు. ఆ సమయంలో ఈ జామ్ పనికిరాదు. గ్లూకోజ్ గానీ, మూడు చిన్న చెంచాల చక్కెర కలిపిన నీళ్లు గానీ వెంటనే ఇవ్వాలి. మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో రంజాన్ మొదలయ్యే ముందే డాక్టరును అడగాలి.

పక్కింటికి ఒక సీసా పంపేటప్పుడు దాని మీద చిన్న కాగితం అంటించండి. చేసిన తేదీ, వేసిన పండు, ఖర్జూరం ఉందా లేదా, ఎప్పటిలోగా తినాలి అన్నవి తెలుగులోనూ ఉర్దూలోనూ రాయండి. తినేవారు షుగర్ ఉన్నవారైతే వారికి మీ జామ్ ఎంత అవసరమో ఆ కాగితం కూడా అంతే అవసరం.