ప్రాసెసర్ల పోటీ - కొనుగోలుదారు పెట్టిన షరతు

దుక్కి సిద్ధమై తొలకరి పడిన వేళ, కోరిన పత్తి విత్తనం ఒకే కంపెనీ వద్ద ఉండి, అది దుకాణానికి రాకపోతే మన నల్లరేగడి రైతుకు ఏమి గతి? 1981లో వ్యక్తిగత కంప్యూటరును విపణిలోనికి తెచ్చిన ఐ.బి.ఎం. సంస్థకు ఇదే భయం కలిగినది. ఆ యంత్రానికి మెదడు వంటి 8088 ప్రాసెసరు ఇంటెల్‌వారిది. దానిని తయారుచేయగల రెండవ సంస్థ కూడ ఉండితీరవలెనని ఐ.బి.ఎం. పట్టుపట్టినది. (బల్లలు కొనుటకైనను మన కమిటీవారు మూడు కొటేషన్లు కోరుదురు గదా!) అందువలన 1982లో ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు ఒడంబడిక చేసికొన్నవి. ఈనాటి పోటీకి మూలం ఆ షరతేనని మేము తలంచుచున్నాము.

ప్రాసెసరుకు తెలిసినవి కొన్ని ఆదేశాలే: ఈ రెండు సంఖ్యలను కూడుము, ఫలితాన్ని అక్కడ ఉంచుము, ఇటువంటివి. ఆ ఆదేశాల పట్టికయే దాని భాష. ఉర్దూ మాత్రమే చదువగలవాని చేతికి తెలుగు ఉత్తరం ఇచ్చినట్లే, ఒక భాషకు వ్రాసిన ప్రోగ్రాము వేరొక భాష గల ప్రాసెసరుకు అర్థం కాదు. కనుక లోపలి నిర్మాణం ఎట్లున్నను భాష ఒకటి కావలెను. తగవంతయు ఈ భాషపై హక్కును గురించినదే.

1985లో 386 వచ్చినప్పుడు దానిని పంచుకొనుటకు ఇంటెల్ నిరాకరించినది. ఏ.ఎం.డి. మధ్యవర్తిత్వానికి పోయి, వివాదం నడుచుచుండగానే 1991లో తన సొంత 386ను విడుదల చేసినది. అంకెలు వ్యాపారచిహ్నం కాజాలవని న్యాయస్థానం చెప్పినందున, ఇంటెల్ తరువాతి ప్రాసెసరుకు 586 అనక, 1993లో పెంటియం అని పేరుపెట్టినది. 1995లో రాజీ కుదిరినది.

విచిత్రమైన మలుపు 2003లో వచ్చినది. 64 బిట్ల ప్రాసెసర్లకై ఇంటెల్ ఇటానియమను కొత్త భాషను నమ్ముకొనగా, ఏ.ఎం.డి. పాత భాషనే 64 బిట్లకు విస్తరింపజేసినది. పాత ప్రోగ్రాములు యథాతథంగా నడచుటచే కొనువారు దానినే మెచ్చిరి. మరుసటి ఏడు ఇంటెల్ కూడ ఆ బాటనే పట్టవలసివచ్చినది. నకలు వ్రాయువాడని పేరుపడినవాడే వ్యాకరణం వ్రాసినట్లైనది.

ఈ పోటీలో తెలుగువారును కలరు. కొవ్వూరున పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి ఏ.ఎం.డి.లో గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపి, 2017లో ఇంటెల్‌కు మారి, 2023 వరకు అచట పనిచేసినారు. రెండు సంస్థలును హైదరాబాదులో రూపకల్పన కేంద్రాలు తెరచినవి.

2009లో ఏ.ఎం.డి. తన కర్మాగారాలను వేరుచేసినది. నేడు దాని మేటి చిప్పులు తైవానులోని టి.ఎస్.ఎం.సి. అచ్చువేసి ఇచ్చుచున్నది, ఇంటెల్ కూడ కొన్నింటిని అచటనే చేయించుకొన్నది. నాడు ఐ.బి.ఎం.కు కలిగిన భయం నేడు ఈ ప్రత్యర్థులిద్దరి వాకిటికి వచ్చినది.