ఆరో తరగతిలోకి అడుగుపెట్టే బిడ్డకు

జూన్‌లో మా ఆర్మూరు చేలల్లో పసుపు విత్తనం పడుతుంది. ఐదో తరగతి దాటిన పిల్లలు హైస్కూలు గడప తొక్కేదీ అప్పుడే. 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మొదటి వారం వాళ్ల కళ్లలో ఉండే బెరుకు నాకు బాగా తెలుసు. ఇక్కడ గంట కొట్టినప్పుడల్లా సారు మారతారు మరి.

బిడ్డా, అర్థం కాకపోతే ఆ పీరియడ్‌లోనే అడుగు. నిరుడు ఒక అమ్మాయి రఫ్ నోటు చివరి పేజీ చూశాను. అడగాలనుకున్న ప్రశ్నలన్నీ పెన్సిల్‌తో సన్నగా రాసుకుంది. ఒక్కటీ అడగలేదు. నా ప్రాణం ఉసూరుమంది. భిన్నాల దగ్గరే ఆగిపోయిన పిల్లకు బీజగణితం ఎలా ఎక్కుతుంది?

జనవరి వస్తే పసుపు తవ్వకాలు. కొమ్ములు ఉడకబెట్టాలి, కళ్లంలో ఆరబోయాలి, ఇంటిల్లిపాదీ చెయ్యి వెయ్యాలి. సరిగ్గా పరీక్షల ముందు! అమ్మానాన్నలను బతిమాలుతున్నాను: ఆదివారం సాయం తీసుకోండి, బడి మాత్రం మాన్పించకండి.

ఆటల పీరియడ్‌నూ వదులుకోవద్దు. మన పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూ భువనగిరి గుట్ట మీద కొండలెక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు.

లైబ్రరీ బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి అడుగు, తీసిస్తాను.